ఇంటి వెనక పాతకాలపు పశువుల కొట్టం కట్టాలి, ఇంజినీరు కారు షెడ్డు గీసి ఇచ్చాడు

ఘట్‌కేసర్_గిరి
హైదరాబాద్ దగ్గర ఘట్‌కేసర్ అవతల మాకు పది గుంటల జాగా, అందులో చిన్న ఇల్లు ఉన్నాయి. రెండు ఆవులు, ఒక లేగదూడ. ఇన్నాళ్లూ వేపచెట్టు కిందే కట్టేస్తున్నాం, వాన వస్తే పైన పట్టా లాగుతాం. ఈ ఏడాది సరైన కొట్టం కట్టాలనుకున్నాం. తెలిసిన ఇంజినీరు ఒకాయన ప్లాను గీసి ఇచ్చారు. నాలుగు వైపులా తొమ్మిది అంగుళాల గోడ, రెండు కిటికీలు, ముందు షట్టరు, పైన రేకులు. లక్షా ఎనభై వేలు అవుతుందట. మా నాన్న ఆ కాగితం చూసి "ఇందులో నీ కారు పెట్టుకో, ఆవులు నాతోపాటు చెట్టు కిందే ఉంటాయి" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయారు.

ఆయనకు కావలసింది జనగామ దగ్గర మా తాతగారి ఇంట్లో ఉండిన కొట్టం. అది కూలి ఇరవై ఏళ్లయింది. నాకు గుర్తున్నది పెంకులు, రాతి గాడి (మేత వేసే తొట్టి), రాత్రిపూట చీకట్లో వినిపించే నెమరు చప్పుడు. కొలతలు మాత్రం ఎవరికీ గుర్తు లేవు. దీనికి తోడు రెండో తరగతి చదివే మా అమ్మాయికి బొమ్మల పుస్తకంలో ఉన్నట్టు ఎర్ర కొట్టం కావాలట, పైన గడ్డి దాచే గదితో సహా. కట్టినవాళ్లు, కట్టించినవాళ్లు చెప్పండి.

పెంకుటిల్లు
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. పశువుకు గోడలు అక్కరలేదు, చూరు కావాలి.

కోనసీమ_రాజు
మా వైపు దీన్ని పశువుల పాక అంటారు. కొట్టం అంటే మాకు సామాన్లు పడేసే చోటు.

మూసీ_గట్టు
మా వైపు సామాన్లు పడేసే చోటుకు కూడా ఆవును కట్టేస్తాం లెండి. పేరు మీద పది పేజీలు సాగనివ్వకండి, పోయినసారి గోంగూర చర్చ ఏమైందో అందరికీ తెలుసు.

పశువుల_డాక్టరు
కొలతలు అడిగారు కాబట్టి. విడిగా తిరగనిచ్చే పద్ధతిలో ఒక ఆవుకు కప్పు కింద మూడున్నర చదరపు మీటర్లు, బయట ఆరుబయట దొడ్డి ఏడు చదరపు మీటర్లు ఉండాలి. గేదెకైతే నాలుగు, ఎనిమిది. లేగదూడకు ఒకటి, రెండు. మీ మందకు కప్పు కింద ఎనిమిది చదరపు మీటర్లు చాలు. గాడి, దారి, పనిముట్లు కలుపుకుంటే పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు సరిపోతుంది. అంతకంటే పెద్దది కడితే ఊడ్చుకోవాల్సింది మీరే.

నాలుగు గోడల మధ్య మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఎక్కడికీ పోదు. పొద్దున తలుపు తీయగానే కళ్లు మండుతాయి చూడండి, అదే. మీకు ఒక్క నిమిషం మండితే ఆవు రాత్రంతా అందులో ఊపిరి పీలుస్తుంది. దగ్గు, న్యుమోనియా ముందు దూడలకే వస్తాయి. పెంకుటిల్లు గారు చెప్పింది నిజం. గోడ ఉంటే నడుము ఎత్తు వరకే ఉండాలి.

వాయవ్యం_వెంకట్
పశువుల శాల వాయవ్యంలోనే ఉండాలి. ఇది ముందు చూసుకోండి, మిగతావన్నీ తర్వాత.

ఘట్‌కేసర్_గిరి
@వాయవ్యం_వెంకట్ మా వాయవ్యంలో బోరు ఉందండి.

వాయవ్యం_వెంకట్
బోరు ఈశాన్యంలో ఉండాలి కదా!

మూసీ_గట్టు
నీళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమో.

మేస్త్రీ_కొడుకు
మా నాన్న భువనగిరి వైపు నలభై ఏళ్లు ఇళ్లు కట్టారు, నేను ఆయన వెనక ఇసుక మోశాను. ఆయన చెప్పే లెక్క ఇది. ఇరవై అడుగుల పొడవును తూర్పు పడమరలుగా పెట్టండి. పడమటి చివర ఐదు అడుగులు పనిముట్ల గది, దానికి మాత్రం కప్పు దాకా నిండు గోడ. సాయంత్రపు ఎండ, నైరుతి నుంచి కొట్టే వాన రెండూ ఆ గోడకే తగిలి ఆగిపోతాయి. మిగతా పదిహేను అడుగులు పశువులకు. ఉత్తరం వైపు గాడి, దక్షిణం వైపు పూర్తిగా తెరిచి ఉంచాలి. అంటే ఆవు ముఖం ఉత్తరానికి, తోక దక్షిణానికి.

కోనసీమ_రాజు
పొడవు తూర్పు పడమరలా? మా దగ్గర అందరూ ఉత్తర దక్షిణాలుగానే పెడతారు. అప్పుడే పొద్దున ఒక పక్క, సాయంత్రం ఒక పక్క ఎండ పడి నేల ఆరుతుంది. నేల ఆరకపోతే గిట్టలు కుళ్లుతాయి. ఈ సలహా పాటించి తర్వాత బాధపడకండి.

మేస్త్రీ_కొడుకు
రాజు గారూ, మీ దగ్గర గాలిలోనే నీళ్లుంటాయి, మీకు అది సరైన పద్ధతే. ఇక్కడ దక్కన్ రాళ్ల మీద ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటి ఎండ కొట్టంలోకి వస్తే ఆవు నాలుక బయట పెడుతుంది.

ఇక నేల ఆరడం సంగతి. హైదరాబాద్‌లో మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ కాలంలో దక్షిణం తెరిచి ఉన్నా మధ్యాహ్నం ఎండ లోపలికి రాదు, చూరు ఆపేస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఏడున్నర అడుగుల ఎత్తులో చూరు అంచు, రెండున్నర అడుగులు బయటికి ఉందనుకోండి. ఎండ నాలుగు అడుగుల మేర లోపలికి వస్తుంది. మూత్రం కాలువ సరిగ్గా అక్కడే పెట్టించండి. చలికాలంలో ఎండే దాన్ని ఆరబెడుతుంది.

కోనసీమ_రాజు
ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను, హైదరాబాద్ వరకే.

అమీర్‌పేట_అమ్మమ్మ
మా పుట్టింట్లో గాడి పక్కనే కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, తవుడు, మిగిలిన గంజి అన్నీ అందులోకే. వంటింటి వెనక తలుపు నుంచి నాలుగు అడుగులు నడిస్తే తొట్టి. నాయనా, కొట్టం ఎక్కడ కట్టినా వంటింటి నుంచి నడక ఎంతో చూసుకో. రోజుకు పదిసార్లు నడిచేది మీ ఆవిడ.

ఘట్‌కేసర్_గిరి
అమ్మమ్మ గారూ, మా ఇంట్లో కుడితి పెట్టేది నేనే. అయినా ఇది నాకు తట్టలేదు. ఇంటికీ బోరుకూ మధ్యలో జాగా ఉంది, అక్కడికి జరుపుతున్నాను.

వాయవ్యం_వెంకట్
అది ఉత్తరం అవుతుంది. ఫరవాలేదు, దోషం తక్కువే.

తాండూరు_రాయి
నేల గురించి ఎవరూ మాట్లాడలేదు. అందం కోసం నున్నటి షాబాద్ బండలు మాత్రం వేయకండి. మా మామగారు వేయించారు. మొదటి వానాకాలంలోనే చూడి ఆవు వెనక కాళ్లు రెండు పక్కలకు చీలి పడిపోయింది. లేపడానికి ఆరుగురు మనుషులు, ఒక తాడు, సగం రోజు పట్టింది. తర్వాత అది సరిగ్గా నడవనే లేదు. గరుకు బండలే తీసుకుని, వాటి మీద ఉలితో అడ్డంగా గాట్లు పెట్టించండి.

పశువుల_డాక్టరు
గాట్లతో పాటు వాలు. నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున కాలువ వైపు వాలు ఉండాలి, అంటే పది అడుగులకు మూడు అంగుళాలు. అంతకంటే ఎక్కువైతే చూడి పశువులకు మంచిది కాదు, తక్కువైతే నీళ్లు నిలుస్తాయి. కాలువ వెడల్పు అడుగు, లోతు రెండు మూడు అంగుళాలు చాలు. లోతుగా తవ్విస్తే కాలు ఇరుక్కుంటుంది.

ఉప్పల్_ఉమ
నేల ఎత్తు మర్చిపోకండి. 2020 అక్టోబర్ 13 రాత్రి మా కొట్టంలో మోకాలి లోతు నీళ్లు. చీకట్లో పలుపులు కోసి ఆవులను రోడ్డు మీదికి తోలాం. పలుపు తడిస్తే ముడి ఊడదు, కత్తి వంటింట్లో ఉంది, కరెంటు లేదు. అప్పటినుంచి కొట్టం స్తంభానికి ఒక కొడవలి వేలాడుతూ ఉంటుంది. చుట్టుపక్కల నేల కంటే అడుగున్నర ఎత్తు పోసుకోండి. మొరం పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టించి, ఆ పైన బండలు.

పెంకుటిల్లు
ఇక కప్పు. నా ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

పాతకాలపు కొట్టం అంటే గూన పెంకు. కుమ్మరి సారె మీద చేసి, నిలువునా చీల్చి కాల్చింది. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పరుస్తూ పోతారు. పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోతుంది, అందుకే మే నెలలో కూడా లోపల నిలబడగలం. చిక్కు ఏమిటంటే ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు పైకెక్కి సర్దాలి. ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు ఎందరున్నారు? పైగా కోతులు. మా ఊళ్లో ఒక గుంపు ఒక్క మధ్యాహ్నంలో మా చావడి కప్పును పేకముక్కల్లా చెదరగొట్టింది.

బెంగళూరు పెంకు ఒకదానికొకటి తగులుకుంటుంది, కోతికి అంత సులువుగా లొంగదు. చూసేవాళ్లకు అదే పాతకాలంగా కనిపిస్తుంది గానీ అది నిన్న మొన్నటిది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో కార్ఖానా పెట్టాక వచ్చింది. మంగళూరులో పుట్టిన పెంకును మనం బెంగళూరు పెంకు అంటున్నాం, అది వేరే విచిత్రం. నేనైతే గిరి గారికి దీన్నే చెబుతాను. వాలు 30 డిగ్రీలు ఉంచండి. తగ్గిస్తే వాననీళ్లు వెనక్కి తన్ని పెంకు కిందికి దూరతాయి.

తాటాకు, గడ్డి కప్పులు వీటన్నిటికంటే చల్లన. కానీ వాలు 45 డిగ్రీలు కావాలి, రెండు మూడేళ్లకు మళ్లీ కప్పాలి, దీపావళి నాడు రాకెట్ ఎటు పోతుందో చూస్తూ కూర్చోవాలి.

ఎల్బీనగర్_శ్రీను
రేకులు వేసి పైన సున్నం కొట్టి, దాని మీద గడ్డి పరిస్తే సగం ఖర్చు. అందరూ పాత సినిమా సెట్టు కడుతున్నారు ఇక్కడ.

పెంకుటిల్లు
శ్రీను గారూ, సున్నం కొడితే వేడి తగ్గుతుంది, కాదనను. వడగళ్లు పడ్డ రాత్రి ఆ రేకుల కింద ఒకసారి పడుకుని వచ్చి రాయండి.

ఎల్బీనగర్_శ్రీను
పడుకున్నాను. కోళ్లఫారం నాదే. కోళ్లు ఏమీ అనలేదు.

మేస్త్రీ_కొడుకు
పెంకుల లెక్క. పన్నెండు అడుగుల వెడల్పుకు రెండు పక్కలా రెండున్నర అడుగుల చూరు, పొడవున చెరో అడుగున్నర. వాలు కలుపుకుంటే 450 చదరపు అడుగులు, అంటే 42 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు పదిహేను చొప్పున 630, విరిగేవాటితో 700 తెచ్చుకోండి. పెంకు రెండు కిలోలకు పైనే, కప్పు మీద టన్నున్నర బరువు. సర్వే (సరుగుడు) కట్టెలతో సరిపెడితే మూడో ఏడు కొప్పు వంగుతుంది. మధ్య దూలానికి టేకు గానీ వేప గానీ వాడండి.

స్తంభాలకు కర్ర వద్దు, రాతి కడీలు నిలబెట్టండి. పేడ, మూత్రం తడిసే చోట కర్ర అడుగు నుంచే చెద పడుతుంది. కర్రే కావాలంటే భూమిలో పాతకుండా రాతి దిమ్మె మీద నిలపండి. మన పాత ఇళ్ల స్తంభాలన్నీ అలా దిమ్మె మీదే నిలబడి ఉంటాయి.

ఘట్‌కేసర్_గిరి
పెంకులు కొన్నాను! పక్క ఊళ్లో రెండు పాత ఇళ్లు కూలగొడుతుంటే 700 దొరికాయి, ఒక్కొక్కటి పన్నెండు రూపాయలు.

పెంకుటిల్లు
రెండు ఇళ్లవా? వెంటనే వెళ్లి ఒక ఇంటి పెంకు పక్కన ఇంకో ఇంటి పెంకు తగిలించి చూడండి. కార్ఖానా మారితే అచ్చు మారుతుంది.

ఘట్‌కేసర్_గిరి
తగలడం లేదు. ఒకటి అర అంగుళం వెడల్పు ఎక్కువ. ఒక ఇంటివి 510, రెండో ఇంటివి 190.

మూసీ_గట్టు
190 పెంకులతో దూడకు విడిగా ఇల్లు కట్టేయండి. గృహప్రవేశానికి పిలవండి.

మొయినాబాద్_మాలతి
గిరి గారి అమ్మాయి అడిగిన గడ్డి గది సంగతి అందరూ దాటేశారు. పైన అటక వేసి గడ్డి దాస్తే నష్టమేమిటి? జాగా కలిసివస్తుంది కదా. నేను కూడా కట్టాలనుకుంటున్నాను.

పశువుల_డాక్టరు
కింద నుంచి లేచే ఆవిరి, అమ్మోనియా నేరుగా ఆ గడ్డికే పడతాయి. బూజు పట్టిన గడ్డి తింటే ఆవుకు జబ్బు. పైగా గాలి పైకి పోయే దారి మూసుకుపోతుంది.

డెన్వర్_తెలుగోడు
నేను ఉండేది ఆ బొమ్మల పుస్తకాల దేశంలోనే. ఇక్కడ అంత పెద్ద అటక ఎందుకంటే చలికాలంలో నెలల తరబడి బయట మేత ఉండదు. ఎండుగడ్డి అంతా ఎండాకాలంలోనే కోసి లోపల దాచుకోవాలి. కప్పు మధ్యలో విరిగినట్టు రెండు వాలుల్లో ఉంటుంది కదా, అది అటకలో ఎక్కువ గడ్డి పట్టడానికి. మనకు ఏడాదంతా వరిగడ్డి బయట వామిలో ఉంటుంది, పైపైన తడిసినా లోపల పొడిగానే ఉంటుంది. ఆ కప్పు ఇక్కడి చలికి పుట్టింది, ఘట్‌కేసర్‌లో దానికి పని లేదు.

ఎరుపు రంగు మాత్రం పెట్టండి, పాపను ఏడిపించకండి. ఇక్కడి రైతులు అప్పట్లో ఇనుప తుప్పును అవిసె నూనెలో కలిపి చెక్కకు పూసేవారు. చెక్క చెడకుండా ఉండేది, చవక కూడా.

అమీర్‌పేట_అమ్మమ్మ
ఇనుప తుప్పు రంగంటే మన జాజే కదా నాయనా! గోడ అడుగున జాజు పూసి పైన సున్నం బొట్లు పెట్టేవాళ్లం. దానికోసం అమెరికా పోవాలా?

డెన్వర్_తెలుగోడు
అమ్మమ్మ గారూ, పోయి పద్నాలుగేళ్లయింది, ఇవాళ తెలిసింది.

ఉప్పల్_ఉమ
గడ్డివామి కొట్టానికి కనీసం ముప్పై అడుగుల దూరంలో పెట్టండి. ఇప్పుడు యంత్రం చుట్టిన కట్టలు వస్తున్నాయి, వామి వేసేవాళ్లు దొరకడం లేదు. ఆ కట్టలు తడిగా ఉండగా ఒకదాని మీద ఒకటి పేరిస్తే లోపల ఉడికి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. కట్టల మధ్యకు చెయ్యి పెట్టి చూడండి, వేడి తగిలితే వెంటనే విప్పి ఆరబోయాలి.

చట్టం_చలపతి
@మొయినాబాద్_మాలతి మీరు కట్టేముందు ఒక్క మాట. జంట జలాశయాల రక్షణకని కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవోలో చేర్చిన 84 గ్రామాల్లో మీది ఉందేమో చూసుకోండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎగువ ప్రాంతం అది. కొట్టమే కదా అని పునాది తవ్వకుండా పంచాయతీలో రాతపూర్వకంగా అడగండి. గిరి గారూ, మీరు కూడా పక్కింటివాళ్లకు ముందే చెప్పుకోండి. ఈగల మీద వచ్చే ఫిర్యాదుకు ఏ పెంకూ అడ్డం రాదు.

మట్టి_మనిషి
పడమటి గోడకు సిమెంటు ఇటుక వాడకండి, మట్టి ఇటుక వాడండి. నూటికి 5 నుంచి 8 పాళ్ల సిమెంటు కలిపి యంత్రంలో ఒత్తుతారు, కాల్చే పని లేదు. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో గ్రామీణ సాంకేతిక పార్కు ఉంది. అక్కడ ఇలాంటి ఇళ్లు కట్టి ఉంచారు, తాకి చూసి రావచ్చు. ఇంకా ఓపిక ఉంటే డంగు సున్నంతో (గానుగలో రుబ్బిన సున్నం) పూత వేయించండి.

పశువుల_డాక్టరు
మట్టి గోడకు అడ్డు చెప్పను గానీ పగుళ్లు ఉండనివ్వకండి. పశువుల రక్తం తాగే పిడుదులు గుడ్లు పెట్టేది ఆ పగుళ్లలోనే. పాతవాళ్లు ఏటా సున్నం కొట్టింది పండగ కోసం మాత్రమే అనుకోకండి.

ఘట్‌కేసర్_గిరి
*(మూడు నెలల తర్వాత)*
పూర్తయింది. అందరి మాటా కొంత కొంత విన్నాను. తూర్పు పడమరలు, రాతి కడీలు, గాట్లు పెట్టిన బండలు, పడమట మట్టి ఇటుక గోడ. దాని అడుగున మూడు అడుగుల ఎత్తు జాజు పూత, పూసింది మా అమ్మాయే, సగం తన గౌనుకు. ఉమ గారి కొడవలి కూడా వేలాడదీశాను. పెంకులు మాత్రం 510తోనే సరిపెట్టాల్సి వచ్చింది. చూరు రెండు పక్కలా అడుగున్నరకు తగ్గించాం, పొడవున ఉన్నది తీసేశాం.

ఒక్కటే సమస్య. ఆవులు లోపలికి రావడం లేదు. రెండు రోజులుగా బెల్లం చూపించినా గడప దగ్గర ఆగి వాసన చూసి వెనక్కి పోతున్నాయి. నాన్న నవ్వుతున్నారు.

అమీర్‌పేట_అమ్మమ్మ
కొత్త బండలు, సున్నం వాసన. అది దాని ఇల్లని దానికెలా తెలుస్తుంది? చెట్టు కింద అది పడుకున్న చోట గడ్డి, పేడ ఎత్తుకొచ్చి లోపల పరుచు. ముందు దూడను కట్టు.

వాయవ్యం_వెంకట్
నేను ముందే చెప్పాను, వాయవ్యం.

మూసీ_గట్టు
వెంకట్ గారూ, ఆవు బోరు వైపే చూస్తోందేమో.

ఘట్‌కేసర్_గిరి
అమ్మమ్మ గారూ, పాత గడ్డి పరిచాను, దూడ వెళ్లి హాయిగా పడుకుంది. తల్లి నిన్న రాత్రి వరకూ చెట్టు కిందే నిలబడి దాన్ని పిలుస్తూ ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి వాన మొదలైంది. టార్చి వేసి చూస్తే దక్షిణం వైపు నుంచి ఎక్కి సగం లోపలికి వచ్చి దూడను నాకుతోంది. ముందు సగం పొడిగా ఉంది, వెనక సగం మీద చూరు నీళ్లు ధారగా పడుతున్నాయి. నాన్న గొడుగు పట్టుకుని వచ్చి దాని తోక వైపు నిలబడ్డారు.

బెంగళూరు పెంకులు ఇంకో 120 కావాలి. పెంకు అడుగున కార్ఖానా ముద్ర ఫొటో పెడుతున్నాను, ఇదే అచ్చు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

పెంకుటిల్లు
మా చావడివి ఇవే. కోతులు వదిలిపెట్టినవి ఎనభై దాకా ఉంటాయి. ఆదివారం ఆటో తీసుకుని రండి.